క్రికెట్టు మైదానంలో కోడిపందెం

క్రికెట్టుకీ ఆడవాళ్ళకీ ఏమిటి సంబంధం అని అడిగే రోజులు పోయాయి. ఒకప్పుడు ఈ ఆట పేరెత్తితే మనకి తెలిసిందల్లా, ఇంట్లో మగవాళ్ళు ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని అన్నానికి లేవకపోవడం, "స్కోరెంతండీ?" అని వీధిన పోయేవాణ్ణి కూడా ఆపి అడగడం. ఇప్పుడలా కాదు. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు గెలుచుకున్నారు. ఆ జట్టులో మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. అంతకు కొద్ది రోజుల ముందే విశాఖపట్నం స్టేడియంలో ఒక స్టాండుకి మిథాలీ రాజ్ పేరు పెట్టారు. ఇక "ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో నీకేం తెలుసు?" అని మనల్ని ఆటపట్టించే ధైర్యం ఇంట్లో ఎవరికుంటుంది చెప్పండి!

కనక మనమూ మైదానానికి వెళ్తున్నాం. పిల్లల్నీ తీసుకువెళ్తున్నాం. అలా వెళ్ళొచ్చిన వాళ్ళని "ఆట ఎలా ఉందమ్మా?" అని ఓసారి అడిగి చూడండి. ఆట సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, తక్కినదంతా పక్కన కూర్చున్నవాళ్ళ గురించే చెబుతారు. కూర్చున్నవాళ్ళు అన్నాను గాని, అదీ సరైన మాట కాదు.

ఎందుకంటే ముందు వరసలో ఒకాయన మొదటి బంతినించి చివరి బంతిదాకా నిలబడే ఉంటాడు. "కాస్త కూర్చోండి నాయనా" అంటే "మీరూ నిలబడండి" అంటాడు. సలహా బాగానే ఉంది. ఆయన నిలబడితే వెనకాయన నిలబడాలి, ఆయన నిలబడితే ఆయన వెనకాయన. చివరికి వేలమంది కుర్చీకి డబ్బిచ్చి, ఆ కుర్చీ ముందు నిలబడి ఆట చూస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకీ, ఐదేళ్ళ పిల్లకీ కనబడేది ముందాయన చొక్కా వీపుమీద రాసిన ఆటగాడి పేరూ, నంబరూ మాత్రమే. దానికి తోడు ఫోర్ అనీ సిక్స్ అనీ రాసిన అట్టలొకటి. ప్రకటనల వాళ్ళు ఊరికే పంచిపెడతారు. సరిగ్గా బంతి బౌండరీ దాటే క్షణంలోనే ఆ అట్టలన్నీ పైకి లేస్తాయి. దాంతో ఆ ఫోరుని అట్ట పట్టుకున్నవాడు తప్ప ఇంకెవరూ చూడరు. పోనీ వాడైనా చూశాడా అంటే, వాడి కళ్ళు పెద్ద తెరమీద తన మొహం పడిందేమోనని వెతుక్కుంటూ ఉంటాయి.

ఇంకోటి. బౌలరు పరుగెత్తుకొచ్చే వైపు, అతని వీపు వెనకాల ఒక పెద్ద తెర ఉంటుంది. బంతి స్పష్టంగా కనబడాలని పెడతారు దాన్ని. వేగంగా వేసే బంతి బౌలరు చేతినించి బ్యాటు దగ్గరికి రావడానికి అరసెకను పడుతుంది, అంతే. ఆ అరసెకనులో తెరపక్కన ఎవరో సమోసాల కోసం లేచి నడిస్తే, బ్యాటు పట్టుకున్నవాడికి కళ్ళు చెదురుతాయి. పాపం చెయ్యెత్తి ఆట ఆపేస్తాడు. అంపైరు అటు తిరిగి సైగలు చేస్తాడు. మనవాడు ఠీవిగా చెయ్యి ఊపి, తనకే నమస్కారం పెట్టారన్నట్టు నవ్వుకుంటూ వెళ్తాడు. కచేరీలో కీర్తన మధ్యలో లేవకూడదని మనకి చిన్నప్పుడే చెప్పారు. ఓవరు పూర్తయ్యాక లేవమని ఈ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు కాబోలు. ఓవరంటే ఎంతసేపని? పాలు పొంగకుండా పొయ్యి దగ్గర కాసుకుని నిలబడేంత సేపు!

కుర్చీల కింద వేరుశెనక్కాయల తొక్కలు, మెట్లమీద కిళ్ళీ ఉమ్ములు, పైవరసనించి తలమీద పడే కూల్‌డ్రింకు చుక్కలు... ఇవి సినిమాహాళ్ళలో మనకి అలవాటే గనక వదిలేస్తాను. ఆడపిల్లలు కనబడితే చాలు ఎవరో ఒకరు చేసే వ్యాఖ్యానాలు మాత్రం వదిలెయ్యదగ్గవి కావు. బౌండరీ దగ్గర ఫీల్డింగు చేసే కుర్రవాడి పాట్లయితే చూడలేం. "అన్నా, ఒక్క ఆటోగ్రాఫ్" అని పది నిమిషాలు బతిమాలిన నోళ్ళే, అతను క్యాచ్ జారవిడిస్తే అతని తల్లిని తలుచుకుంటాయి. ఆ తిట్లన్నీ మన ఒళ్ళో కూర్చున్న పిల్లల చెవుల్లో పడతాయి. ఇంటికొచ్చాక "అమ్మమ్మా, ఆ మాటకి అర్థమేమిటి?" అని అడుగుతారు. ఏం చెబుతాం?

ఇవన్నీ పైకి కనబడే దద్దుర్లు. అసలు జ్వరం లోపల ఉంది. అదేమిటో నాకు మా మనవరాలివల్ల తెలిసింది. ఆస్ట్రేలియాతో ఆట చూడ్డానికి వెళ్ళాం, ఊరు పేరెందుకు లెండి. వాళ్ళ ఫీల్డరొకడు గాల్లోకి ఎగిరి, ఒంటిచేత్తో బంతి పట్టాడు. అవుటైంది మనవాడే. స్టేడియమంతా ఒక్కసారి చావుకబురు విన్నట్టయిపోయింది. ఆ నిశ్శబ్దంలో మా పిల్లవి రెండు చేతులూ గట్టిగా చప్పట్లు కొట్టాయి. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "పాపా, నువ్వు ఏ దేశం?" అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లని! అది చేతులు ఫ్రాకు కింద దాచేసుకుంది.

నేను ఆలోచించాను. తెలుగువాళ్ళం మనకి చూడ్డం చేతకాదా అని. చేతకాకపోవడమేం, మనకి రెండు రకాలుగా చూడ్డం వచ్చు. మన పెద్దవాళ్ళు చాపలు పట్టుకెళ్ళి, రాత్రంతా మేలుకుని తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగం చూసేవారు. కృష్ణుడి పద్యానికి "వన్స్‌మోర్" అని అరిచినవాళ్ళే దుర్యోధనుడి పద్యానికీ అరిచేవారు. దుర్యోధనుడు యుద్ధం గెలవాలని కాదు, పాండవులమీద కోపమూ కాదు. పద్యం బాగా పాడాడు, అంతే. గెలిచేదెవరో ముందే తెలిసిన కథ గనక, గొంతు వినే తీరిక వాళ్ళకి ఉండేది. ఇక రెండో రకం చూపు సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందెం బరి దగ్గర కనబడుతుంది. బరి చుట్టూ మూగినవాడికి కోడి రంగూ, దాని ఒడుపూ కనబడవు. కాసిన డబ్బే కనబడుతుంది. తన కోడి ఓడితే వాడికి లోకమే శత్రువు.

క్రికెట్టు మైదానానికి మనవాళ్ళు నాటకం టిక్కెట్టు కొనుక్కుని, కోడిపందెం చూపు వెంటబెట్టుకుని వస్తున్నారు. ఫోనుల్లో డబ్బు కాసి ఆడే ఆటల్ని 2025లో చట్టం తెచ్చి నిషేధించారు. మంచిదే. కాని డబ్బు కాయనివాడు కూడా పరువు కాస్తున్నాడే, దానికేం చట్టం తెస్తారు? ఆయన టిక్కెట్టు కొన్నది ఆటకి కాదు, గెలుపుకి. గెలుపు చేతికి రాకపోతే ఇచ్చిన సరుకు బాగులేదని కొట్టువాడిమీద తిరగబడ్డట్టు తిరగబడతాడు.

ఇది నిన్నా మొన్నా వచ్చిన జబ్బు కాదు. మన హైదరాబాదీ అబ్బాస్ అలీ బేగ్ కథ విన్నారా? 1960 జనవరిలో బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో ఆస్ట్రేలియామీద రెండు ఇన్నింగ్సుల్లోనూ అర్ధసెంచరీలు చేశాడు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. గ్యాలరీనించి ఒకమ్మాయి గబగబా మైదానంలోకి వచ్చి అతని బుగ్గమీద ముద్దుపెట్టి వెళ్ళిపోయింది. దేశమంతా చెప్పుకుంది. రేడియోలో వ్యాఖ్యానం చెబుతున్న విజయ్ మర్చంట్, తను వందలకి వందలు కొట్టిన రోజుల్లో ఈ సాహసవంతులైన అమ్మాయిలంతా ఎక్కడికి పోయారో అని వాపోయాడట. ఆ ముద్దు సంగతి మన నాన్నలూ మామయ్యలూ చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. తర్వాతి సంగతి అంతగా చెప్పుకోలేదు. ఏడాది తిరక్కుండానే పాకిస్తాన్ జట్టు వచ్చింది. బేగ్ ఆ టెస్టుల్లో సరిగా ఆడలేకపోయాడు. బ్యాటు ఆడని రోజులు ఎవరికుండవు? కాని అతను ముస్లిం కదా. కావాలనే ఆడలేదన్నారు, తిడుతూ ఉత్తరాలు రాశారు. జట్టులోంచి వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ టెస్టు ఆడడానికి ఆరేళ్ళు పట్టింది. ముద్దుపెట్టిన చెంపమీదే కొట్టడానికి ప్రేక్షకుడికి ఏడాది చాలింది.

1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రపంచ కప్పు సెమీఫైనల్. శ్రీలంకమీద 252 పరుగులు చెయ్యాలి. సచిన్ అవుటవగానే మనవాళ్ళు పేకమేడలా కూలి, 8 వికెట్లకి 120 దగ్గర నిలబడ్డారు. సీసాలు గాల్లోకి లేచాయి, స్టాండ్లలో మంటలు లేచాయి. రిఫరీ క్లైవ్ లాయిడ్ ఆట ఆపేసి శ్రీలంక గెలిచిందని ప్రకటించాడు. వినోద్ కాంబ్లీ కన్నీళ్ళతో బయటికి నడిచాడు. ఆ కన్నీళ్ళు టీవీలో చూసి మనమూ కళ్ళు తుడుచుకున్నాం. ఆటగాళ్ళు ఓడారు, అది ఆటలో ఉన్నదే. ఇంకా రెండు వికెట్లు మిగిలి ఉండగా ఆట పూర్తిచేసే మర్యాద కూడా వాళ్ళకి దక్కకుండా చేసింది చూడవచ్చినవాళ్ళు. మూడేళ్ళకి, 1999 ఫిబ్రవరిలో, అదే మైదానంలో పాకిస్తాన్‌తో టెస్టు. సచిన్ రనౌటయ్యాడని గొడవ. చివరిరోజున పోలీసులు వేలాదిమందిని బయటికి పంపించి, ఖాళీ కుర్చీల ముందు ఆట ముగించారు.

అందుకని మన దేశంలో రసికులే లేరనుకోకండి. ఆ గొడవకి దాదాపు మూడు వారాల ముందు, 1999 జనవరి 31న, మదరాసు చేపాక్‌లో అదే పాకిస్తాన్ మనల్ని 12 పరుగుల తేడాతో ఓడించింది. సచిన్ నడుంనొప్పితో మెలికలు తిరుగుతూ 136 చేసి, గట్టెక్కే ముందు అవుటయ్యాడు. గుండె పగిలే ఓటమి. ఆ జనం ఏం చేశారు? లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు. వాళ్ళు మైదానం చుట్టూ తిరిగి ఆ చప్పట్లు అందుకున్నారు. అదే ఆట, అదే పాకిస్తాన్, అదే సచిన్. మదరాసులో కచేరీ శ్రోతలు, కలకత్తాలో పందెంరాయుళ్ళు అని తేల్చెయ్యాలనిపిస్తుంది గాని, ఊళ్ళకి గుణాలు అంటగట్టడం నాకిష్టం లేదు. మన ఊరి సంగతి మనకి తెలీదా?

ఆ ఊరిలోనే ఒక మంచి రోజు కూడా ఉంది. 2023 అక్టోబరు 10న ఉప్పల్‌లో పాకిస్తాన్, శ్రీలంక ఆడాయి. మనవాళ్ళు లేని ఆట. శ్రీలంక 344 చేస్తే పాకిస్తాన్ దాన్ని దాటేసింది. ప్రపంచ కప్పులో అంతవరకూ ఎవరూ అంత పెద్ద లెక్క ఛేదించలేదు. నాలుగు సెంచరీలు పడ్డాయి ఆ రోజు, ఇటు రెండు అటు రెండు. హైదరాబాదువాళ్ళు నాలుగింటినీ ఆనందించారు. మహమ్మద్ రిజ్వాన్ ఒళ్ళు పట్టేసినా 131 చేసి, ఈ ఊరి జనానికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. పందెం కాయడానికి మన కోడి లేదు కదా, అందుకే అంత హాయిగా చూశాం అంటారు మా వదిన. ఆవిడ మాటలు ఎప్పుడూ ఇలాగే గుచ్చుకుంటాయి.

ఆవిడ మాట నిజమనిపించేలా అదే ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది. నవంబరు 19, అహ్మదాబాదు. తొంభైవేల పైచిలుకు జనం. పెద్ద గుంపుని నిశ్శబ్దంగా కూర్చోబెట్టడం కన్నా తృప్తి ఇంకోటి లేదని ముందురోజే చెప్పాడు ఆస్ట్రేలియా కెప్టెన్ కమిన్స్. చెప్పి చేయించాడు. ట్రావిస్ హెడ్ 137 పరుగులు చేసి కప్పు పట్టుకుపోయాడు. తొంభైవేలమంది చేతులు ముడుచుకు కూర్చున్నారు. సీసాలు విసరలేదు కదా అనవచ్చు. విసరలేదు, సంతోషం. కాని మనింటికొచ్చిన చుట్టం చక్కగా పాడితే, మన పిల్లకన్నా బాగా పాడాడని మొహం తిప్పుకుని కూర్చుంటే దాన్నేమంటాం? గొడవ చెయ్యకపోవడమే మర్యాద అనుకునే స్థితికి వచ్చేశామా?

గెలుపు పిచ్చి ముదిరితే ఎంతదూరం పోతుందో మన సిరాజ్‌కి తెలుసు. హైదరాబాదు ఆటోడ్రైవరు కొడుకు. 2020 నవంబరులో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడని కబురొచ్చింది. కడసారి చూపుకి కూడా రాకుండా అక్కడే ఉండి ఆడాడు. ఆ తర్వాత 2021 జనవరిలో సిడ్నీలో బౌండరీ దగ్గర నిలబడితే స్టాండ్లలోంచి జాతి పేరుతో తిట్లు. ఆట పది నిమిషాలు ఆగింది, ఆరుగురిని పోలీసులు బయటికి నడిపించారు. మనందరి కడుపులూ మండాయి. మండాల్సిందే. మరి 2007లో ఆండ్రూ సిమండ్స్ వడోదరాలోనూ ముంబయిలోనూ ఆడుతుంటే మన గ్యాలరీలు అతన్ని చూసి కోతికూతలు కూశాయి. అతనూ ఒక తల్లి పెంచిన బిడ్డే. అప్పుడు మన కడుపు ఎందుకు మండలేదో, సిరాజ్ సంగతి పిల్లలకి చెప్పేటప్పుడు ఆ ముక్క కూడా కలిపి చెప్పాలి.

అయితే తప్పంతా చూడవచ్చినవాడి నెత్తిన రుద్ది చేతులు కడుక్కుంటే అధికారులకి మహా హాయిగా ఉంటుంది. అదీ కుదరదు. 1967 జనవరి 1న ఈడెన్ గార్డెన్స్ తగలబడింది నిజమే. వెస్టిండీస్ ఆటగాళ్ళు పరుగులు తీశారు. కాని ఆ రోజు ఉన్న చోటుకి మించి టిక్కెట్లు అమ్మారు. డబ్బిచ్చి వచ్చినవాడు కూర్చోడానికి చోటు లేక గీత దాటి గడ్డిమీద కూర్చుంటే లాఠీలు పడ్డాయి. దాంతో రేగింది మంట. 1969 డిసెంబరులో అదే ఊళ్ళో టిక్కెట్ల వరసలో తొక్కిసలాట జరిగి ఆరుగురు పోయారు. అర్ధశతాబ్దం గడిచాక, 2022 సెప్టెంబరు 22న మన సికింద్రాబాదు జింఖానా మైదానంలో ఉప్పల్ ఆట టిక్కెట్లకోసం తెల్లవారకముందునించీ జనం నిలబడ్డారు. తోపులాట, లాఠీలు. గాయపడ్డవాళ్ళలో ఆడవాళ్ళున్నారు. 2025 జూన్ 4న బెంగుళూరులో కప్పు గెలిచిన సంబరం చూడబోయి చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పదకొండుమంది నలిగిపోయారు. ఓడినందుకు కాదు, గెలిచినందుకు! మనిషిని మందలా తోలితే మందలాగే పరుగెడతాడు. గేటు దగ్గర మర్యాద లేనివాడు గ్యాలరీలో మర్యాద నేర్పబోతే ఎవరు వింటారు?

పైగా వీళ్ళు కనిపెట్టిన మందు చూడండి. 2015 అక్టోబరు 5న కటక్‌లో దక్షిణాఫ్రికాతో ఆడుతూ మనవాళ్ళు 92కే అవుటైతే, జనం నీళ్ళ సీసాలు విసిరి ఆట ఆపించారు. అలా విసిరేవాళ్ళ పుణ్యమా అని ఇవాళ మైదానాల్లోకి మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళనివ్వరు. సీసా విసిరినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. ఎండలో గొంతెండుతున్నది చంటిపిల్ల తల్లికి. లోపల నీళ్ళు దొరకవా అంటే దొరుకుతాయి, కాగితం కప్పులో, వాళ్ళు చెప్పిన ధరకి, వాళ్ళు చెప్పిన వరసలో. విసిరేవాణ్ణి పట్టుకోవడం కష్టం, తాగేవాళ్ళని పట్టుకోవడం సులువు.

మేం వెళ్ళిన రోజున గేటు దగ్గర ఒక పెద్ద బుట్ట పెట్టారు. ఆడవాళ్ళ సంచులన్నీ అందులోకి ఖాళీ అవుతున్నాయి. దువ్వెన, చిన్న అద్దం, చిల్లర డబ్బులు, పులిహోర డబ్బా. ఒకావిడ పాలసీసా పట్టుకుని కానిస్టేబులమ్మతో అయిదు నిమిషాలు వాదించారు. చివరికి చంకలో పిల్ల గుక్కపట్టి ఏడిస్తే వదిలారు. లోపలికెళ్ళాక మహిళల మరుగుదొడ్డి ముందు ఇంకో వరస. ఆ వరసలో నా ముందు నిలబడ్డ కాలేజీ అమ్మాయి మూడు వికెట్లు పడడం చెవులతోనే చూసింది. అరుపు వినిపిస్తే మనవాళ్ళు కొట్టారని, నిశ్శబ్దమైతే అవుటయ్యారని నాకు వివరించింది. అవతలివాళ్ళు ఏం చేసినా మనకి వినబడదండీ, అంది.

మా మనవరాలికి మళ్ళీ టిక్కెట్లు దొరికాయి, ఈసారి అమ్మాయిల ఆటకి. వెళ్దామా అంటే కాసేపు ఆలోచించింది. "అవతల టీములో అమ్మాయి బాగా పట్టుకుంటే కొట్టొచ్చా?" అని అడిగింది. కొట్టొచ్చన్నాను. "వెనక్కి తిరిగి చూసే అంకుల్ వస్తే?" అంది. మా వదిన అక్కడే చిక్కుడుకాయలు తుంపుతున్నారు. "నేనూ వస్తానే. నీ పక్కన కూర్చుని నీకన్నా గట్టిగా కొడతాను, ఎవరు తిరిగి చూస్తారో చూద్దాం" అన్నారు.